తొంభై ఆరు కిలోల చిల్లర

2024 జనవరి 18, గురువారం, రామచంద్రపురం

ముక్కనుమ వెళ్లిన మర్నాడే కబురొచ్చింది. కిరాణా కొట్టు పెద్దాయన పోయి ఏడాది కావస్తోంది. పండక్కి పిల్లలంతా వచ్చారు కదా, మళ్లీ ఎవరి దారిన వాళ్లు వెళ్లేలోగా ఆయన దాచిన నాణేల సంగతి తేల్చుకోవాలనుకుంటున్నారు. "బాబాయి గారూ, మాకేం తెలీదండి. మొత్తం మీరే తీసుకుని ఓ ధర చెప్పేయండి" అన్నాడు పెద్దబ్బాయి.

పెరటి గది నిండా పాలపొడి డబ్బాలు, నూనె డబ్బాలు, బిస్కెట్ల రేకు డబ్బాలు, రెండు గోనె సంచులు. ధాన్యం కాటా తెప్పించి తూయించాను. డబ్బాల బరువు తీసేస్తే 96 కిలోలు తేలింది.

ఆయన కొని దాచింది తక్కువ. గల్లాపెట్టెలోకి వచ్చిన దాంట్లోంచి ఏరి పక్కన పెట్టిందే ఎక్కువ. కోటిపల్లి రేవులో మునిగి చిల్లర ఏరే కుర్రాళ్లు నల్లబడ్డ బిళ్లలు తెచ్చి ఇస్తే మారకం ఇచ్చేవాడు. 2003 పుష్కరాల తరవాత అలా వచ్చినవి ఒక డబ్బా, 2015 పుష్కరాల తరవాత వచ్చినవి ఇంకో డబ్బా. ప్రతి డబ్బాలో ఒక చీటీ ఉంది: ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ద్వారా. ముత్యాల్లాంటి అక్షరాలు.

మొత్తానికి ఎంత అంటే ఇవాళే ఏదో ఒక అంకె చెప్పేయొచ్చు. వాళ్లు ఒప్పుకుంటారు కూడా. కానీ ఆ అంకె వాళ్ల అమాయకత్వం మీద కట్టిన ధర అవుతుంది తప్ప నాణేల మీద కట్టిన ధర కాదు. రెండు వారాలు గడువు అడిగాను.

జనవరి 20, శనివారం

కుప్పకి ధర ఉండదు, వరుసలకే ఉంటుంది. అందుకని ముందు ఐదు రాశులు పోయించాను: వెండి, రాగీ కంచూ, అల్యూమినియం, ఇప్పటికీ చెల్లుబాటయ్యేవి, ఏ రాశిలోనూ ఇమడనివి.

అల్యూమినియం బిళ్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టే పనిలేదు. పైసా బిళ్ల ముప్పావు గ్రాము, మూడు పైసలది గ్రామున్నర లోపే. వేలకు వేలున్నాయి. సంచిలో పై నుంచి ఓ సోల, మధ్యలోంచి ఓ సోల, అడుగు నుంచి ఓ సోల తీసి, వాటిని మాత్రం సంవత్సరం వారీగా విడదీశాను. మూడు సోలల్లోనూ దాదాపు ఒకటే పాళ్లు: పలకల అయిదు పైసలు, పూల అంచు పది పైసలు ఎక్కువ, ఆరు పలకల మూడు పైసలు, ఇరవై పైసలు ఆ తరవాత. పైన మంచివి పేర్చి అడుగున నాసిరకం పోసిన సంచి కాదని తేలింది. ఇక మిగతాదానికి తూకం చాలు.

వెండి రాశికి అయస్కాంతం పట్టుకెళ్లాను. ఆరో జార్జి బొమ్మతో 1947లో వచ్చిన నికెల్ రూపాయి, అంతకు ముందటి వెండి రూపాయి బరువులో ఒకటే, చీకటి గదిలో తేడా తెలియదు. నికెల్ది టక్కున అంటుకుంటుంది, వెనక పులి బొమ్మ ఉంటుంది. వెండిది కదలదు. అలా పద్దెనిమిది బిళ్లలు వెండిలోంచి బయటికొచ్చాయి. పెద్దబ్బాయి పక్కనే కూర్చుని చూశాడు. అతను చూడాలనే ఆ పని అతని ఎదురుగా చేశాను.

జనవరి 23, మంగళవారం

ఇవాళంతా వెండి.

1835లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టిన దగ్గర్నుంచి తూకం మారలేదు: 11.66 గ్రాములు, నూటికి 91.7 వంతుల వెండి. విక్టోరియా, ఎడ్వర్డు, అయిదో జార్జి రూపాయలన్నీ ఈ లెక్కలోనివే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జనం వెండి రూపాయలు ఇళ్లలో దాచేసుకోవడంతో 1940 నుంచి వెండిని సగానికి తగ్గించి, మిగతా సగం రాగి, నికెల్, జింకు కలిపారు. కాబట్టి చేతిలో ఒకే బరువు తోచినా ధరలో దాదాపు రెండింతల తేడా.

మొదటి రకం 62, రెండో రకం 38. అర్ధరూపాయలు, పావలాలు, బేడలు కలిపి 240 గ్రాములు, అన్నీ పాత మేలిమివే.

వెండి గ్రాము 72 రూపాయల చొప్పున వేశాను. పాత రూపాయిలో 10.69 గ్రాముల వెండి, అంటే 770 రూపాయలు. యుద్ధకాలపు రూపాయి 420. కరిగించాలని కాదు ఈ లెక్క. ఏ బేరమైనా ఇంతకన్నా కిందికి దిగకూడదని గీసుకున్న గీత. కంసాలి దగ్గరికెళ్తే తరుగు తీస్తాడు, నేను తీయను.

భూతద్దం పెట్టి ఒక్కొక్కటే తిప్పాను. తొమ్మిదింటికి అంచున అతుకు మచ్చ ఉంది, ఎవరి మెడలోనో గొలుసుకు వేలాడినవి. వాటికి లోహం ధరే. 1911 రూపాయి ఒకటి దొరికింది. అయిదో జార్జి అంగీ మీద ఏనుగు బొమ్మకు తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనబడుతోందని జనం గొడవ చేస్తే, అచ్చు మార్చి మరుసటి ఏడాది నుంచి సరిచేశారు. దీని మీద ఆ బొమ్మ ఇంకా స్పష్టంగానే ఉంది. దానికి, ముఖం అరగని మరో ఏడు రూపాయలకి విడిగా ధర కట్టాలి.

ఇక 1939. ఆ ఏడాది రూపాయి చాలా అరుదని నాణేలు తెలిసినవాళ్లందరికీ తెలుసు. అందుకే దొంగవీ విరివిగా తిరుగుతున్నాయి. పెద్దాయన డబ్బాలో ఒకటుంది, విడిగా దూదిలో చుట్టి. తొమ్మిది అంకె చుట్టూ నేల మిగతా చోట్ల కన్నా ఒక వెంట్రుకవాసి పల్లం, అద్దం ఏటవాలుగా పట్టి చూస్తే గీకిన సన్నటి గీతలు కనిపించాయి. ఎనిమిదిని తొమ్మిది చేశారు. పెద్దబ్బాయిని కూర్చోబెట్టి అద్దం అతని చేతికే ఇచ్చి, నిజమైన 1938 రూపాయి పక్కన పెట్టి చూపించాను. అతనికీ కనబడింది. వెండి రూపాయిగా 770 రాసుకున్నాను.

జనవరి 26, శుక్రవారం

రాగీ కంచూ కలిపి 17 కిలోలు. పావు అణాలు, దమ్మిడీలు, 1943 నుంచి వచ్చిన చిల్లు కానీలు, 1950 నాటి గుర్రం బొమ్మ పైసలు.

నాలుగు కిలోలు తళతళా మెరుస్తున్నాయి. పండగ ముందు కోడలు చింతపండు పెట్టి తోమిందట, కొనేవాళ్లకి బాగా కనబడాలని. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు పాపం. రాగి మీద వందేళ్లకు పట్టే ముదురు పొరే నాణెం వయసుకి సాక్ష్యం. పులుపు దాన్ని తినేశాక ఎర్రటి కొత్త లోహం బయటపడుతుంది, చెక్కిన గీతలు మొద్దుబారతాయి. అవి ఇక సేకరించేవాళ్లకు పనికిరావు. తోమని 13 కిలోలకు కిలో 1,100, తోమినవాటికి 700 వేశాను. ఎందుకు తేడా పెట్టానో చెప్పాను గానీ ఎవరు తోమారో ఆ కాగితం మీద రాయలేదు.

ఇదే రాశిలో రాముడి పట్టాభిషేకం బొమ్మతో ఇత్తడి బిళ్లలు పదకొండు. వెనక కంపెనీ పేరు, 1818 అని అంకె. చిన్నబ్బాయి ఫోన్‌లో వీడియో చూపించాడు, ఇలాంటిదే కోట్లు పలుకుతుందని, బియ్యపు గింజల్ని లాక్కుంటుందని. నాకు గుండె కలుక్కుమంది. రైస్ పుల్లింగ్ పేరు చెప్పి మన జిల్లాల్లో పొలాలు అమ్మించిన మోసగాళ్లు ఎందరో. కంపెనీ ఎప్పుడూ రాముడి పట్టాభిషేకం బొమ్మతో నాణేలు వేయలేదు. ఇవి తరవాత ఎవరో పోయించిన బిళ్లలు. "ఇవి పూజలో పెట్టుకోండి బాబూ, ఎవరైనా లక్షలిస్తాం, ముందు ఖర్చులకి కొంత కట్టండి అంటే మాత్రం కట్టకండి" అన్నాను. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని ఫీజులు, పన్నులు గుంజుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రజల్ని హెచ్చరించింది. ఆ ప్రకటన అతని ఫోన్‌లోనే వెతికి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత వీడియో తీసేశాడు.

ఇవాళ ఇంకో సంగతి తట్టింది. వీళ్ల మనసులో కోట్లు ఉన్నంతసేపూ నేను ఎంత న్యాయంగా చెప్పినా తక్కువగానే వినబడుతుంది. ధర చెప్పేముందు ఆ అంకెలు దిగిపోవాలి. అందుకు కోపం పనికిరాదు, ఓపిగ్గా చూపించాలి.

జనవరి 28, ఆదివారం

ఏ రాశిలోనూ ఇమడని వాటిలో హైదరాబాదు సంస్థానపు చార్మినార్ నాణేలు కొన్ని, ఫ్రెంచి యానాం పక్కనే ఉంది గనక పుదుచ్చేరి నాణేలు నాలుగు, డచ్చి కంపెనీ ముద్దర ఉన్న రాగి డ్యూట్లు మూడు. మూడక్షరాలు ఒకదానిలో ఒకటి పెనవేసిన ఆ ముద్దర, కింద సంవత్సరం. డ్యూట్లు 1726 నుంచి హాలండులో కొట్టించి తూర్పు దేశాలకు పంపినవి. డచ్చివాళ్ల వర్తక స్థావరాలు ఒకప్పుడు పాలకొల్లులోను, ఇక్కడికి కూతవేటు దూరంలోని ద్రాక్షారామంలోను ఉండేవి. ఇవి ఈ నేల మీద దొరకడంలో వింత లేదు. ఈ వరుస మొత్తానికి 3,500 వేశాను.

అడుగున ఒక గుడ్డ మూట. విప్పితే మట్టి అంటిన పల్చటి రాగి బిళ్లలు, చిటికెన వేలి గోరంతవి. చీటీలో "చేను దున్నుతుంటే" అని మాత్రం ఉంది. ఒకదాని మీద సింహం నిలబడిన రూపు లీలగా కనబడుతోంది. విష్ణుకుండినుల రాగి నాణేల మీద ఒకవైపు సింహం, రెండోవైపు కలశం, దాని కిరువైపులా దీపస్తంభాలు ఉంటాయి. రెండోవైపు మట్టి గడ్డకట్టి ఉంది. గోకలేదు. గోకకూడదు.

ఈ మూటకి నేను ధర కట్టను. భూమిలో దొరికిన పాత సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. చట్టం మాట అలా ఉంచినా, మట్టిలోంచి వచ్చిన నాణేనికి అది దొరికిన చోటే ప్రాణం. కోటిలింగాలలో సంగనభట్ల నరహరిశర్మ గారు ఏరిన నాణేలు శాసనాల పండితుడు పరబ్రహ్మశాస్త్రి గారి కంటపడబట్టి, అవి ఏ దిబ్బ మీద దొరికాయో తెలియబట్టి, శాతవాహనుల తొలి రాజు సిముకుడి ఆనవాలు తెలంగాణ గడ్డ మీద నిలిచింది. అవే నాణేలు ఎవరి అల్మారాలోనో చేరి ఉంటే వాటికి రేటు ఉండేది గానీ నోరు ఉండేది కాదు. అమలాపురం కలెక్టరాఫీసుకి అర్జీ నేనే రాసి పెడతానని, సంతకం మాత్రం వాళ్ల అమ్మగారు చేయాలని చెప్పాను.

ఫిబ్రవరి 1, గురువారం

తక్కువ ఆశ, ఎక్కువ బరువు ఉన్న రాశులు ఇవాళ ముగించాను.

చెల్లుబాటయ్యేవి 34 కిలోలు. అర్ధరూపాయలు, రూపాయలు, రెండ్లు, అయిదులు. కొట్టువాళ్లు అర్ధరూపాయి తీసుకోకపోయినా చట్టంలో అది ఇంకా చెల్లుతుంది. ముఖవిలువ కూడితే 12,640. దీని మీద బేరమే లేదు, రూపాయికి రూపాయి. పావలా, అంతకు తక్కువవి 2011 జూన్ 30తో రద్దయ్యాయి. వాటిలో నికెల్ కలిసిన పావలాలు, పది పైసలు, వాటికి తోడు ఎద్దు బొమ్మ అణాలు కలిపి 12 కిలోలు, కిలో 600. అల్యూమినియం 31 కిలోలు, కిలో 250.

సంవత్సరం కింద చుక్క, వజ్రం, నక్షత్రం చూస్తే ఏ టంకశాలదో తెలుస్తుంది: నోయిడా, ముంబై, హైదరాబాదు. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. నక్షత్రం ఉన్నవన్నీ పెద్దాయన ఒక డబ్బాలో వేరు చేసి పెట్టుకున్నాడు, మనవి అనుకునేమో. మార్కెట్లో వాటికి వేరే ధర లేదు. ఆ డబ్బా మాత్రం కలపకుండా అలాగే ఉంచాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

కాగితం మీద కూడిక:

పాత మేలిమి రూపాయలు 62: 47,740
యుద్ధకాలపు రూపాయలు 38: 15,960
చిన్న వెండి: 15,840
1911 రూపాయి, మరో ఏడు, పైన కలిపేది: 9,000
రాగీ కంచూ: 17,100
అల్యూమినియం: 7,750
నికెల్ చిల్లర: 7,200
చెల్లుబాటయ్యేవి: 12,640
చార్మినార్, ఫ్రెంచి, డచ్చి: 3,500

మొత్తం 1,36,730.

వీటిని నేను తోటి సేకరణకర్తలకు విడివిడిగా ఇచ్చుకుంటే రెండు మూడేళ్లలో లక్షా ఎనభై వేల దాకా రావచ్చు. అంటే నాకు మిగిలేది నలభై మూడు వేల చిల్లర. ఏళ్ల తరబడి ఏరడం, కవర్లు, రాజమండ్రి, విశాఖ ప్రయాణాలు, ఎప్పటికీ అమ్ముడుపోని అల్యూమినియం, అన్నీ అందులోంచే పోవాలి. అది న్యాయమైన మిగులే అనిపించింది. న్యాయమైనదైతే దాచడం దేనికి? ఆ వరుస కూడా కాగితం మీద రాశాను: "నాకు మిగిలేది, అంచనా."

పొద్దున్న ద్రాక్షారామం వెళ్లాను. భీమేశ్వరుడి గుడి రాళ్ల మీద వందల శాసనాలున్నాయి. ఎవరు ఇచ్చారు, ఎన్ని మాడలు ఇచ్చారు, ఏ దీపానికి ఇచ్చారు, అన్నీ దారిన పోయేవాడు చదివేలా చెక్కారు. ఎవరో ఎప్పుడో అఖండ దీపానికి ఇచ్చిన సొమ్ము లెక్కే అంత బాహాటంగా ఉంటే, ఒక ఇంటివాళ్ల ఆస్తికి నేను కట్టే లెక్క నా జేబులో ఉండటం ఏం బావుంటుంది?

ఫిబ్రవరి 6, మంగళవారం

అమ్మగారు, ఇద్దరు కొడుకులు కూర్చున్నారు. కూతురు అమెరికా నుంచి ఫోన్‌లో ఉంది. కాగితం నాలుగు నకళ్లు తీయించి తలా ఒకటి ఇచ్చాను. ఫోన్‌లోకి ఫొటో పంపాను. వరుస వరుసా చదివి వినిపించాను. మిగులు దగ్గరికి వచ్చాక చిన్నబ్బాయి తలెత్తి చూశాడు. "ఇది కూడా రాశారేంటండి?" అన్నాడు. "రాయకపోతే మీరు ఊహించుకుంటారు బాబూ. ఊహ ఎప్పుడూ ఎక్కువే అవుతుంది" అన్నాను.

వాళ్ల ముందు మూడు దారులు పెట్టాను. మొత్తం నాకు ఇవ్వచ్చు. వెండి వాళ్లే ఉంచుకుని మిగతాది ఇవ్వచ్చు. లేదా ఇదే కాగితం పట్టుకుని కాకినాడలో ఇంకో ఇద్దర్ని అడిగి రావచ్చు. మూడోది చేసినా నాకు కష్టం లేదని గట్టిగా చెప్పాను.

అమ్మగారు ఆలోచించారు. "వెండికి తరుగు లేకుండా ధర ఇంతని ఇప్పుడు తెలిసింది కదా తమ్ముడూ. అది పిల్లలు పంచుకుంటారు. మిగతాది నువ్వు తీసుకో" అన్నారు.

వెండి పోతే నా దగ్గరకొచ్చేది 48,190 రూపాయల సరుకు. బరువులో దాదాపు అంతా, ఆకర్షణలో సగానికి సగం తక్కువ. కాగితం చూపించకుండా ఒక్క అంకె చెప్పి ఉంటే ఆ వెండి ఇవాళ మా ఇంట్లో ఉండేది. అయినా నాకు తృప్తిగానే ఉంది. ఏం అమ్ముతున్నారో, ఎంతకి అమ్ముతున్నారో తెలిసి అమ్మిన బేరం ఇది. రేపు ఏ పెళ్లిలో ఎదురుపడినా వాళ్లు నా మొహం చూసి మాట్లాడతారు.

కూతురికి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాల్సి వచ్చింది. తన వాటాకి విక్టోరియా రూపాయలు కావాలంది. వందేళ్లు దాటిన నాణేలు దేశం దాటించడాన్ని 1972 పురావస్తు చట్టం ఒప్పుకోదు. అయిదో జార్జి రూపాయలు 1922తో ఆగిపోయాయి గనక అవీ ఆ లెక్కలోకే వస్తాయి. 1940 తరవాతి ఆరో జార్జివి ఆ గీతకు ఇవతల ఉన్నాయి. "అవే తీసుకుంటానండి బాబాయి గారూ, నాన్న పుట్టిన ఏడాదిది ఒకటి చూసి పెట్టండి" అంది. 1942ది ఒకటి వేరు చేశాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

డబ్బు ముట్టజెప్పాను, కాగితం మీద అందరి సంతకాలు పడ్డాయి. ఒక నకలు వాళ్ల దగ్గర, ఒకటి నా దగ్గర. కలెక్టరాఫీసు అర్జీ రేపు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్తుంది.

అమెరికాలో కలగాపులగం విదేశీ నాణేలు పౌండ్ల లెక్కన అమ్ముతారు, సంచిలో ఏముందో కొన్నవాడి అదృష్టం. అక్కడ ఇద్దరికీ తెలియదు గనక చెల్లుతుంది. మన ఊళ్లలో పరిస్థితి వేరు. కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలియదు, పైగా ఆ అమ్మేవాడు పోయిన మనిషి భార్య, పిల్లలు. తెలిసినవాడి తెలివికి కూలి దక్కాలి, తప్పులేదు. ఆ కూలి ఎంతో ఎదుటివాడికి కనబడాలి. పెద్ద కుప్పకి ధర కట్టడంలో కష్టమైన పని వెండి తూకమూ కాదు, 1939 అంకె పట్టుకోవడమూ కాదు. అన్ని వరుసలూ తేల్చాక, వాటిని మన దగ్గరే పెట్టుకోవాలనే కోరికను అణచుకోవడం.

ఆయన చీటీలన్నీ వాటి వాటి నాణేలతోనే ఉంచుతున్నాను. కోటిపల్లి రేవు నాణేలు విడగొట్టి అమ్మను. రెండు పుష్కరాల డబ్బాలూ కలిపి, చీటీలతో సహా, ఎవరైనా మ్యూజియం వాళ్లు అడిగితే అడిగిన రోజునే ఇచ్చేస్తాను. 2027 పుష్కరాలు వస్తున్నాయి. ఆ కుర్రాళ్లు మళ్లీ మునుగుతారు, నల్లటి బిళ్లలు పట్టుకుని ఎవరి కొట్టుకో వెళ్తారు. మన ఇంటికి రమ్మని రేవులో ఇప్పుడే చెప్పి వచ్చాను. ఒక్కో నాణేనికి ఎంతిస్తానో, ఎందుకిస్తానో ఒక అట్ట మీద రాసి గుమ్మానికి తగిలిస్తాను.